కుళాయి మీద మీ పేరు

ఏమండీ,

మీ సంవత్సరీకం నిన్నటితో అయింది. కుళాయి కనెక్షన్ ఇంకా మీ పేరునే ఉందని అబ్బాయి మళ్లీ గుర్తుచేశాడు. ఆ మార్పు మున్సిపాలిటీ వెబ్‌సైటులో ఎక్కడుందో దొరకడం లేదని ఇన్నాళ్లూ చెబుతూ వచ్చాను. అబద్ధం కాదు. "ఇందులో మన ఇల్లు దొరికేలోగా నడుచుకుంటూ ఆఫీసుకెళ్లి రావచ్చు" అని మీరే విసుక్కునేవారు కదా.

ఈమధ్య దాన్నంతా కొత్తగా మార్చారట. ఇవాళ గాజువాకలో మీరు వెళ్లే ఇంటర్నెట్ సెంటర్‌కే వెళ్లాను. దాన్ని నడిపే లక్ష్మి నాకు కుర్చీ వేసింది.

"ఇప్పుడు సూడత్తా! అంతా తెలుగులో పెట్టీసారు. నీకేటి కావాలో మొదటి పేజీలోనే ఉంది."

నిజమే. పుట్టుక, పెళ్లి, మరణం, ఇల్లు, నీళ్లు అని పెద్ద అక్షరాలతో ఉన్నాయి. నీళ్లు నొక్కి ఇంటి నంబరు కొడితే మీ పేరు వచ్చింది. పక్కన, దాన్ని తీసి కొత్త పేరు వేయడానికి ఖాళీ గడి.

"నీ పేరు కొట్టీమంటావా అత్తా?"

"రేపు వస్తానే."

"రేపేటి? ఒక్క నొక్కే కదా!" అని నవ్వింది.

ఎండలో ఇంటికొచ్చేసరికి ఓపిక అయిపోయింది. బిందె పెట్టి కుళాయి తిప్పాను. రేపు వెళ్లాలి. దొరకలేదని చెప్పడానికి ఇక కుదరదు.