ఆగిన బండి, సున్నుండల డబ్బా

బుజ్జులూ, నేను క్షేమంగా ఇంటికి తిరిగొచ్చాను, కంగారు పడకు. ట్రైనింగులో ఫోను ఇవ్వరుగా, అందుకే ఈ కార్డు.

బెజవాడ స్టేషనుకి వెళ్ళాక తెలిసింది, నీ దగ్గరికొచ్చే బండి రద్దని. రైలు పెట్టెల చక్రాల్లో పగుళ్ళు కనబడ్డాయట, కొన్ని బళ్ళు ఆపేశారు. మీ అన్నయ్య సంవత్సరీకం అయింది కదా, ఏడాది తర్వాత మూకుడు పెట్టి మినుములు వేయించి నీకు సున్నుండలు చుట్టాను. స్టేషన్లో నా పక్కన ఒక పెద్దాయన రైలువాళ్ళని ఒకటే తిట్లు.

"బాబాయిగారూ, మా పెద్దోడెక్కిన బస్సుకి బ్రేకులు ఎవరూ చూడలేదండీ. వీళ్ళు చూశారుగా, తిట్టకండి. మా చిన్నోడు రైలు పెట్టెలు బాగుచేసే పనే నేర్చుకుంటున్నాడు" అన్నాను.

ఓ సున్నుండ ఆయన చేతిలో పెట్టాను.

"అయితే మీవాడు చూసి సరేనన్న బండే ఎక్కుతానమ్మా ఇకనించి" అన్నాడు. నవ్వొచ్చింది నాకు, ఎన్నాళ్ళకో. చుట్టూ ఉన్నవాళ్ళకీ పెట్టాను, డబ్బా ఖాళీ అయింది. ఏమనుకోకు, బళ్ళు నడవగానే మళ్ళీ చేసి తెస్తాను.

నాన్న మోకాలు నొప్పి తగ్గింది. నీకు దుప్పటి చాలుతోందా? ఎవరు తొందరపెట్టినా చక్రం సరిగా చూడకుండా బండి వదలకు నాయనా. దేవుడు చల్లగా చూడాలి నిన్ను. అక్కడి కూర సయించకపోయినా పెరుగేసుకుని కడుపునిండా తిను.

అమ్మ