కాంపౌండరు ధనరాజ్ ఆదరణ కూడిక

సభలకు వెళ్లిన మన పాస్టరు కృపారావు అయ్యగారికి, గజపతినగరం నుంచి సంఘ కార్యదర్శి వందనాలు.

తమరు వెంటనే రావాలి. మన ప్రిస్కిల్లా మామ్మ ఏళ్లుగా చదివే డిటెక్టివ్ నవలల్ని సినిమాగా తీశారు. మొన్న అందరం కలిసి చూశాం. నవలల్లో హంతకుడు డాక్టరు. సినిమాలో మాత్రం ఏ పాపం ఎరగని కాంపౌండరు ధనరాజ్‌ను హంతకుణ్ణి చేసి ఉరి తీసేశారు.

ఆదివారం ప్రార్థన మనవుల వేళ మామ్మ లేచి, "నిర్దోషిని సంపీసినారు, సచ్చినోడికి ఆదరణ కూడిక పెట్టాల" అంది.

"అది కథ మామ్మా" అన్నాను.

"కథలో బతికే ఉన్నాడు గదరా! సినిమావోళ్లే సంపీసినారు" అంది. సంఘమంతా ఆమెన్ అంది.

బుధవారం భోజనాలకు వంటమనిషిని కూడా మాట్లాడేశారు. అయితే నీట మునిగి బాప్తిస్మం పొందనివాడికి కూడిక కుదరదని సంఘ పెద్ద ఇమ్మానుయేలు గారు అడ్డం తిరిగారు.

మామ్మ ఊరుకుంటుందా? "మూడో పుస్తకంలో నూతిలో పడిపోనాడు. తలతో సహా మునిగిపోనాడు. ఇంకేటి కావాల?" అంది.

సంఘం రెండుగా చీలిపోయింది. ఆ పుస్తకం నేనూ తీసి చూశాను. మునిగిన మాట నిజమే. కానీ నూతిలోకి తోసింది ఆ డాక్టరే. హంతకుడి చేతి బాప్తిస్మం చెల్లుతుందో లేదో తమరే వచ్చి తేల్చాలి.