కొత్తలు పెట్టకముందే

ఫిబ్రవరి 18
ఆపరేషన్ అయిపోయింది. మనవరాలు శ్రావణి కళ్లు తెరిచింది. "అవ్వా, నీళ్లు." ఇవ్వకూడదట.
కడుపులో గడ్డతో పాటు ఒక కిడ్నీ కూడా తీసేశారు. మిగిలిన ఒక్కదానితో బతుకుతుందా? "బతుకుతది అవ్వా, బడికి గూడ పోతది" అంది డాక్టరమ్మ. మళ్లీ అడిగాను. మళ్లీ అడగబోతుంటే నా కొడుకు సోమయ్య చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు.

ఫిబ్రవరి 21
కుట్లు చూడలేను. చూడకుండా ఉండలేను.

మార్చి 3
మళ్లీ కీమో. ముందు ఎక్కించింది గడ్డ చిన్నదవ్వడానికి. ఇప్పుడు ఎక్కించేది లోపల ఏమైనా మిగిలితే చావడానికట. ఆ 'ఏమైనా' నాకు నచ్చలేదు.

మార్చి 9
పిల్ల మెతుకు ముట్టదు. కోడలు బతిమాలింది, తిట్టింది, చివరికి తనే ఏడ్చింది.

మార్చి 19
ఊరికొచ్చాం. వాకిట్లో చెట్టు చూసి శ్రావణి — "మామిడికాయ కావాలె." ఇన్నాళ్లకు నోరు తెరిచి తిండి అడిగింది! కానీ ఊళ్లో కొత్తల పండుగ కాలేదు. వేల్పులకు పెట్టకుండా కొత్త కాయ ఎవరం కొరకం. ఇప్పుడు వేల్పులకు కోపమొస్తే...
పండుగ చేసే పెద్ద మా మరిది ముత్తయ్యే. పోయి అడిగాను.
"జల్దీ పెట్టరాదయ్యా పండుగ?"
"ఏంది వదినా, దేవుళ్లను గూడ తొందర పెడ్తవా?"
నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

మార్చి 20
పొద్దున్నే ముత్తయ్య తనే వచ్చాడు. పిల్ల పొట్ట మీద కుట్ల గీత చూసి, లేచి వాకిట్లో చెట్టు నుంచి కాయ కోసుకొచ్చి నా చేతిలో పెట్టాడు. "ఒక ముక్క నేలతల్లికి పెట్టు. ఇంకోటి పిల్లకు పెట్టు. ఊరోళ్లతోని నేను మాట్లాడుకుంట."
సోమయ్య దవాఖానాకు ఫోన్ చేశాడు. నోట్లో పుండ్లు లేకపోతే కడిగి, తొక్క తీసి పెట్టమంది నర్సమ్మ.
నేలతల్లికి ఒక ముక్క పెట్టాను. ఇంకోటి పిల్ల ఉప్పు అద్దుకుని తింది. పులుపుకు ఒక కన్ను మూసుకుని, మళ్లీ చెయ్యి చాపింది. వాంతి అవుతుందని గిన్నె పట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. కాలేదు. అన్నం కూడా అడిగింది. కోడలు వంటింట్లోకి పరుగు...

ఏప్రిల్ 2
స్కాన్‌లో ఏమీ లేదట! డాక్టరమ్మ నవ్వుతూ చెప్పింది. మిగతా కీమో అయ్యాక కూడా మధ్య మధ్య తీసుకురమ్మంది. ఏమీ లేకపోతే ఎందుకు రమ్మన్నట్టు?
"ఒక్కసారన్న నవ్వవే అమ్మా" అన్నాడు సోమయ్య.
నవ్వాను. నిజంగానే.
బస్సులో శ్రావణి నా ఒళ్లో నిద్రపోయింది. పొట్ట మీద మెల్లగా చెయ్యి వేశాను. మెత్తగానే ఉంది. కాస్త పక్కకు జరిపాను — అక్కడా మెత్తగానే... అనుకుంటా.