గాలికి లేచే నీళ్ల పేరు

అన్నా,

నీ ఓడ మునిగిందని టెలిగ్రాం వచ్చి నేటికి ఏడాది. అవ్వకు ఇంకా చెప్పలేదు.

పోయినసారి ధర్మవరం వచ్చినప్పుడు మాకొక మాట నేర్పావు, స్పూన్‌డ్రిఫ్ట్ అని. గాలి తరిమితే ఓడ పరుగెత్తడాన్ని పాతకాలపు నావికులు స్పూన్ అనేవారని, ఆ గాలికి అలల మీద నుంచి ఎగిరే తుంపరకు అందుకే ఆ పేరొచ్చిందని చెప్పావు. అవ్వకు అర్థం కాలేదు. నేసిన పట్టుచీర మీద నాయన నోటితో నీళ్లు చిమ్ముతాడు కదా, నువ్వూ అట్లాగే ఊది చూపించావు.

ఈరోజు నాయన కొత్త చీర మీద నీళ్లు ఊదుతుంటే అవ్వ మగ్గం దగ్గరికొచ్చి కూర్చుంది.

"ఇంగోసారి ఊదప్పా. మన పెద్దోడు ఇట్లాంటి తుంపర్లోనే గదా ఉండేది" అంది.

నాయన నోటినిండా నీళ్లు పట్టుకుని నిలబడ్డాడు. ఊదలేక మింగేశాడు.

నీ చెల్లెలు