తమ్ముడికి రాసిన బిల్లు

లోపలి సరిహద్దు రవాణా సహాయ కేంద్రం అధికారి గారి సముఖమునకు,
వంతెన ఇవతల నారు పోసుకుని బతికే రైతు రాసుకున్న అర్జీ.

విషయం: టమాటా నారు రవాణాకు మంజూరైన సహాయం రద్దు చేసి, నన్ను అమ్మకందారుల జాబితా నుంచి తొలగించి, నేను రాసిన బిల్లు నాకు తిరిగి ఇప్పించుట గురించి.

అయ్యా,

ఈ ఉదయం మబ్బుగా ఉంది. వాన లేదు, ఎండా లేదు. నారుమడికి నీళ్లు చల్లి, కలుపు ఏరి, చేతులు కడుక్కుని వచ్చి ఇది రాస్తున్నాను. నారు జానెడు ఎత్తు వచ్చింది. పీకి పంపవలసిన అదను ఇదే. ఇంకొక వారం ఆగితే కాడ సన్నగా సాగిపోయి నాటడానికి పనికిరాదు. అందుచేత ఈ అర్జీని కట్టలో అడుగున పడనివ్వకుండా చూడవలసిందిగా ముందే మనవి చేసుకుంటున్నాను.

నా ఇబ్బందులు ఈ కింద వరుసగా రాసుకున్నాను.

1. వంతెనకు ఇవతల నీళ్లు తీపి, అవతల ఉప్పు. కాస్త ఎదిగిన టమాటా మొక్క ఆ ఉప్పును తట్టుకుంటుంది గానీ మొలక తట్టుకోదు. మా నాన్న పోయాక అన్నదమ్ములం ఇద్దరం పంచుకున్నప్పుడు ఇవతలి మడి నాకు, అవతలి చేను మా తమ్ముడికి అనుకున్నాం. నారు ఇక్కడ పోస్తాం, పంట అక్కడ పండుతుంది. విత్తనం చల్లేది మా అమ్మ. ఆమె నా దగ్గర ఉంటుంది. ఇందులో ఏనాడూ అమ్మకం లేదు, కొనుగోలు లేదు.

2. నారు వెదురు బుట్టల్లో తడి గోనె చుట్టి పంపుతాం. ఆ బుట్టలు తమ్ముడి ఇంట్లోనే ఉండి, మొదటి కోత కాయలతో నిండి తిరిగి వస్తాయి. ఖాళీ బుట్ట వెనక్కి పంపడం మా ఇంట్లో లేదు. ఒక ఏడు పంట మొత్తం కుళ్లిపోతే తమ్ముడు బుట్ట నిండా తోటకూర కోసి పంపాడు.

3. కిందటేడు మొక్కల తెగులు అని ప్రభుత్వం వారు వంతెన మధ్యలో గేటు పెట్టారు. రెండు ఒడ్లకూ ఒకే ప్రభుత్వం, ఒకే చట్టం. గేటు నారుకు, విత్తనాలకు, కూరగాయలకు, పాలకు, గుడ్లకు. మనుషులకు అడ్డు లేదు. అప్పటి నుంచి తనిఖీకి రుసుము, ధ్రువపత్రానికి రుసుము, బుట్టలకు మందు కొట్టినందుకు రుసుము, వ్యాను ఆగినంతసేపూ బాడుగ. 'సొంత సాగు' అనే వరుసలో అవన్నీ కట్టుకుని రెండు విడతలు పంపాను. మూడో విడతకు చేతులెత్తేశాను.

4. ఆ సమయంలో తమ కార్యాలయం వారు మైకు కట్టుకుని వచ్చి, సరిహద్దు దాటే వ్యవసాయ సరుకుల ఖర్చు ప్రభుత్వమే భరిస్తుందని చెప్పారు. మంచి మాటే. నేను విన్నాను, వచ్చాను. కౌంటరులో ఉన్న అమ్మాయి మర్యాదగా మాట్లాడింది. ఆమె మీద నాకు ఫిర్యాదు లేదు. మా మధ్య జరిగిన మాటలు మాత్రం తమకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను.

"సరుకు విలువ ఎంత బాబాయ్?" అని అడిగింది.

"విలువ లేదమ్మా. తమ్ముడికి ఇస్తాను."

"విలువలో ఇంత వాటా అని కదా మేం సహాయం ఇచ్చేది. సున్నాలో వాటా అంటే సున్నాయే వస్తుంది. బిల్లు రాసుకురండి."

"తమ్ముడికి బిల్లేంటమ్మా? నవ్వుతారు."

"తమ్ముడు అనే గడి ఇందులో లేదు బాబాయ్. కొనుగోలుదారు అని ఉంది. అందులో ఆయన పేరు రాయండి. పేరు పక్కన గారు అని పెట్టండి, పైవాళ్లు అడుగుతారు. కాగితం ఫైల్లో ఉండేదే కదా, ఎవరు చూస్తారు?"

5. నేను పుస్తకాల దుకాణానికి వెళ్లి బిల్లు పుస్తకం కొన్నాను. తెలుపు, గులాబీ, పసుపు, మూడు ప్రతులు వచ్చేది. టోకు వ్యాపారులంతా ఇదే వాడతారని దుకాణదారు చెప్పాడు. మార్కెట్టు ధర కనుక్కుని వేశాను, తక్కువ వేస్తే తిప్పి పంపుతారని. పేరు పక్కన 'గారు' అని రాశాను. మా తమ్ముడు పుట్టిన నాటి నుంచి నేను వాణ్ణి ఒరేయ్ అన్నవాణ్ణి.

6. బిల్లు అడుగున 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని ఉంటుంది. అది ముందే అచ్చయి ఉన్నది. నేను రాసింది కాదు. ఈ సంగతి రికార్డులో ఉంచవలసిందిగా కోరుతున్నాను.

7. పసుపు ప్రతి సరుకుతో పాటు వెళ్లి కొనుగోలుదారు చేతికి అందుతుందని నాకు ఎవరూ చెప్పలేదు. అది వ్యానులో వెళ్లింది. వ్యాను నడిపే అతన్ని మేమంతా నత్త అంటాం, నారు నలగకుండా ప్రతి గుంట దగ్గరా ఆగి ఆగి నడుపుతాడని. అతను వచ్చి చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

తమ్ముడు కాగితం తీసుకుని చదివాడట. మరదలు తడి చేతులతో వచ్చి భుజం మీదుగా తొంగి చూసింది.

"చూడవే, మా అన్నయ్య నన్ను గారు అన్నాడు," అన్నాడట తమ్ముడు.

మరదలు నవ్వింది. అతను నవ్వలేదు. అడుగున అచ్చయిన వాక్యం పైకి చదివాడు.

"ఒరే నత్తా, మొన్న నేను వాళ్లింటికి వెళ్లినప్పుడు వదిన రెండుసార్లు వడ్డించింది. దానికీ బిల్లు రాసి పంపమను. కట్టేస్తా."

"అది ఆఫీసు కోసం రాసిందిరా, నీ కోసం కాదు," అన్నాడట నత్త.

"ఆఫీసు కోసమైతే నారు కూడా ఆఫీసుకే పొయ్యమను."

నారు మాత్రం దించుకున్నాడు. ఆ సాయంత్రమే నాటాడు. మొక్క మీద కోపం చూపించే మనిషి కాదు.

8. నేను ఫోను చేశాను. "ఎవరు?" అన్నాడు. నేనురా అన్నాను. "చెప్పండి," అన్నాడు. అతను ఫోను పెట్టేయలేదు. వాళ్ల ఇంట్లో మిక్సీ తిరుగుతున్న చప్పుడు కాసేపు విన్నాను. తర్వాత నేనే పెట్టేశాను.

9. మొదటి కోత అయింది. బుట్టలు వచ్చాయి. ఒకదానిలో ఒకటి పేర్చి ఉన్నాయి. కడిగి ఉన్నాయి. అన్నిటికంటే అడుగు బుట్టలో ప్లాస్టిక్ కవరు, అందులో బిల్లు ప్రకారం డబ్బు. కాయ ఒక్కటి లేదు.

మా అమ్మ బుట్టను ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. గేటు దగ్గర కొట్టే మందు వాసన.

"వేరేవాళ్ల బుట్టలు తెచ్చావేమో చూడు," అంది నత్తతో.

"మీవే పెద్దమ్మా."

ఆమె బుట్ట తిప్పి చూసింది. తెగిన పిడికి తాను కట్టిన నీలం తాడు కనిపించింది. బుట్టలన్నీ గోడ వారగా బోర్లించింది. ఇప్పటికీ అలాగే ఉన్నాయి. డబ్బు కవరు గూట్లో ఉంది. ఎవరమూ విప్పలేదు.

10. తమ్ముడు అవతలి కౌంటరుకు వెళ్లి 'సొమ్ము చెల్లించాను' అని సంతకం కూడా పెట్టి వచ్చాడట. దానితో నా ఫైలు పూర్తయి సహాయం మంజూరైంది. కౌంటరు అమ్మాయి సంతోషంగా ఫోను చేసింది. "బాబాయ్, ఈ విడతలో అన్ని కాగితాలూ సరిగ్గా ఉన్నది మీ ఒక్కరిదే," అంది. తర్వాత ఒకాయన కెమెరాతో వచ్చి, నన్ను నారుమడి దగ్గర నిలబెట్టి, తన వెంట తెచ్చిన బుట్ట చేత పట్టించి, నవ్వమన్నాడు. నవ్వాను. ఆ ఫొటో పెద్ద బట్ట మీద అచ్చు వేసి గేటు పక్కన కట్టారు. 'ఈ ఒడ్డున అమ్మకందారు, ఆ ఒడ్డున కొనుగోలుదారు, మధ్యన మేము' అని కింద రాశారు. మా తమ్ముడు ఎరువుల కోసం ఇవతలకి వచ్చినప్పుడల్లా దాని కిందుగానే రావాలి.

11. ఇప్పుడు రెండో పంటకు నారు సిద్ధంగా ఉంది. తమ్ముడి చేను దున్ని ఉంది. ఇద్దరికీ పని ఆగిపోయింది. నారు ఎప్పుడు తేవాలని నత్త అడిగితే, "బిల్లుతో అయితే తేవద్దు. కొనేటట్టయితే ఎవరి దగ్గరైనా కొంటా, మా అన్న దగ్గరే ఎందుకు కొనాలి?" అన్నాడట. అని, ఎవరి దగ్గరా కొనలేదు. చేను అలాగే ఉంచుకుని కూర్చున్నాడు.

12. బిల్లు లేకుండా, మునుపటిలా సొంత సాగు వరుసలో, రుసుములు నేనే కట్టుకుని పంపుదామని గేటుకు వెళ్లాను. ఒకసారి అమ్మకందారుగా నమోదైనవారు ఆపైన ప్రతిసారీ బిల్లు చూపాలని, అది నియమమని చెప్పారు. బిల్లు లేకపోతే గేటు ఎత్తరు. బిల్లు ఉంటే తమ్ముడు దించుకోడు.

తమ కార్యాలయానికి వెళ్లి పేరు తీసేయమని అడిగాను. ఆ అమ్మాయి చాలాసేపు వెతికింది.

"చేర్చడానికే ఉంది బాబాయ్, తీయడానికి లేదు. అయినా వచ్చే సహాయాన్ని ఎవరైనా వద్దంటారా?"

"నేనంటున్నానమ్మా."

"కారణం ఏమని రాయను?"

నా వెనక గుడ్ల వ్యాపారి తొందరపడుతున్నాడు. "మీ అన్నదమ్ముల గొడవ తర్వాత చూసుకో పెద్దాయనా, నా గుడ్లు ఎండలో ఉన్నాయి," అన్నాడు. అతని మాటా నిజమే. పక్కకు తప్పుకున్నాను. కారణం రాసుకుని తెమ్మంది కాబట్టి ఈ అర్జీ రాశాను.

కావున తమరు దయతో,

(అ) నా పేరును అమ్మకందారుల జాబితా నుంచి తీసివేసి, నారును మునుపటిలా సొంత సాగు కింద పోనివ్వవలెను. రుసుములు నేనే కట్టుకుంటాను.

(ఆ) మంజూరైన సహాయం వెనక్కి తీసుకోవలెను. అందులో నేను ముట్టుకున్నది లేదు.

(ఇ) ఫైలులో ఉన్న తెల్ల ప్రతి, గులాబీ ప్రతి నాకు ఇప్పించవలెను. పసుపు ప్రతి తమ్ముడి దగ్గర ఉంది. దాన్ని నేను అడగను.

(ఈ) గేటు పక్కన కట్టిన ఫొటో తీసివేయించవలెను. ఆ బట్ట కావాలంటే గేటు కాపలావాళ్లు ఎండకు కట్టుకోవచ్చు, నా ముఖం లోపలి వైపు ఉండేటట్టు.

(ఉ) తమ కాగితంలో ఒక గడి ఎక్కువ అచ్చు వేయించవలెను. దానికి ఏం పేరు పెట్టాలో నాకు తెలియదు. అమ్మినదీ కాదు, దానం చేసినదీ కాదు. ఇంట్లోది ఇంట్లోకి పోయేది. తమ దగ్గర చదువుకున్నవాళ్లు ఉంటారు, సరైన మాట దొరకవచ్చు.

పై సంగతులు నారు ముదరకముందే చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
తమ రికార్డులో అమ్మకందారు, ఇంట్లో పెద్దోడు.

మళ్లీ రాయునది: ఈ అర్జీ తెచ్చిన రోజు తమ కార్యాలయానికి సెలవు. ఆ మరునాడూ సెలవే. కాగితం నా దగ్గరే ఉంది కాబట్టి ఈలోగా జరిగినది కూడా ఇందులోనే రాస్తున్నాను.

గురువారం సాయంత్రం మా అమ్మ మంచినీళ్ల డబ్బాలు రెండు శుభ్రంగా తోమి, మా బావి నీళ్లు నింపి మూతలు బిగించింది. విత్తనాల మూట మాత్రం ఇంట్లోనే ఉంచింది. గింజ దాటించడానికీ బిల్లు అడుగుతారని ఆమెకు తెలుసు. అవతల తమ్ముడి దగ్గర పాత గింజలు ఉన్నాయట.

"ఎక్కడికమ్మా?" అన్నాను.

"చిన్నోడింటికి. అక్కడే పోస్తా నారు."

"ఆ నీళ్లకు మొలక రాదు కదా."

"అందుకే కదా నీళ్లు పట్టుకెళ్తున్నా. రోజు విడిచి రోజు నత్తతో రెండు డబ్బాలు పంపు పెద్దోడా." చీర కొంగుతో డబ్బా తుడిచింది. "బిల్లు మాత్రం రాయకు."

మర్నాడు గేటు దాకా నేనూ ఆమెతో బస్సులో వెళ్లాను. కాపలా అతను డబ్బా మూత తీసి వాసన చూశాడు. గోడకు అంటించిన జాబితా పైనుంచి కిందిదాకా వేలు పెట్టి చదివాడు. నీళ్లు అందులో లేవు. పోనిమ్మన్నాడు. నేను దిగిపోయాను.

ఇక్కడి నారు ఇంకా మడిలోనే ఉంది. పైన అడిగినవాటిలో ఏదీ కుదరకపోతే, నీళ్లను మాత్రం ఆ జాబితాలో చేర్చవద్దని మనవి.

మా అమ్మ శుక్రవారం ఉదయం మొదటి బస్సుకు వెళ్లింది.