కుండ దగ్గర ఏడు పోగులు

జూన్ 9

మా ఆయన రమేశ్ మరమగ్గాల పనికి పోయిన భివండి నుంచి ఫోన్ చేశాడు. మగ్గం అమ్మేసి నన్నూ మామనూ అక్కడికే వచ్చేయమంటాడు. మామకు చూపు ఇక రాదని దవాఖానలో చెప్పేశారు. సాదా చీర నేస్తే ఎవరు కొంటారు అన్నాడు. నిజమే. సాదా నాకు వచ్చు. అంచు మీద కుండతో నిలబడే గొల్లభామ బొమ్మ రాదు. అది మామకే వచ్చు. నెలాఖరు దాకా ఆగమన్నాను.

జూన్ 10

మామను అడగలేను. కోడలితో ఎదురుగా మాట్లాడే మనిషి కాదు. అత్తమ్మ ఉన్నప్పుడు ఆమెతో చెప్పేవాడు, ఆమె నాతో చెప్పేది. ఆమె పోయి ఏడాదిన్నర. ఇప్పుడు గోడతో చెప్తాడు. ఇంట్ల చాయ్‌పత్త ఉన్నదో లేదో అని గోడను అడుగుతాడు. నేను చాయ్ పెట్టి పక్కన ఉంచుతాను. కూరలో ఉప్పు తక్కువైతే తిట్లు కూడా గోడకే.

జూన్ 12, మధ్యాహ్నం 2

రమేశ్ ఫోన్లో వేసిచ్చిన ఏఐని అడిగాను. మా మామ గొల్లభామకు పోగుకో గడి చొప్పున గ్రాఫ్ చేసివ్వు అని టైప్ చేశాను. ఫొటో ఏదీ రాలేదు అంది. నేను పెడితే కదా. పెట్టడానికి చీర లేదు. నేసినవన్నీ అమ్ముడుపోయాయి. పోనీ, ఏదో ఒక గొల్లభామ గీయమన్నాను. గీస్తాను, కానీ అది మీ మామది అవదు అంది. చీర లేకపోతే పోగుల లెక్క తెలిసినవాళ్లు చెప్పినా చాలట. కోపం వచ్చింది. ఫోన్ బియ్యం డబ్బా మీద పెట్టి బట్టలు ఉతికాను.

జూన్ 14

ప్రమీలాదేవి టీచర్ తన గొల్లభామ చీర ఇచ్చింది, ఫొటో తీసుకొమ్మని. ముందు మామ పక్కన పెట్టాను. అంచు తడిమి, ఇది మనది కాదు, దీని నడుము లావు అని గోడతో అన్నాడు. చీర మడిచి తిరిగి ఇచ్చాను.

జూన్ 17

చేతులకు రొట్టెల పిండి. అందుకని స్పీకర్ పెట్టి ఏఐని నోటితో అడిగాను. అది మళ్లీ అదే మాట. చీర ఫొటో అయినా కావాలి, లెక్క అయినా కావాలి. మగ్గం దగ్గర కూర్చున్న మామ జవాబు చెప్పాడు.

"చీరె లేదమ్మా. ఉన్నొక్కటి మా ఇంటామె కట్టుకొని పోయింది."

అయ్యో అంది ఫోన్. లెక్క మీకు గుర్తుంటే మొదటి వరుస నుంచి చెప్తారా అని అడిగింది. చెప్పడనుకున్నాను. చెప్పాడు. కాళ్ల దగ్గర మొదలుపెట్టాడు. మూడు ఎత్తాలి, రెండు వదలాలి. ఐదో వరుసకు వచ్చి, ఇక ఎప్పటి తీరే అన్నాడు. ఎప్పటి తీరు అంటే ఎన్ని పోగులో మీరు నాకు చెప్పలేదు అంది. మామ నవ్వాడు. ఎన్ని పళ్లు ఊడాయో అప్పుడే చూశాను. నలభై ఏళ్లలో ఆ సంగతి ఎవరూ అడగలేదట. వాళ్ల నాయిన కూడా చెప్పలేదట, పక్కన కూర్చుని చూసి నేర్చుకున్నాడట.

నేను ఆరేళ్లుగా ఈ ఇంట్లోనే ఉన్నాను. పక్కన కూర్చోలేదు.

జూన్ 18

లెక్క నడుము దాకా వచ్చింది.

జూన్ 19

మామ ఫోన్‌ను పిల్ల అంటున్నాడు. పిల్ల తిన్నదా అని గోడను అడిగాడు. చార్జింగ్‌లో ఉంది అని గోడ తరఫున నేనే చెప్పాను.

జూన్ 20, మధ్యాహ్నం 3

పొద్దుటి నుంచి కరెంటు లేదు. మామ రెండు వరుసలు చెప్పేసరికి చార్జి అయిపోయి ఫోన్ ఆగింది. ఆగిందని చెప్దామనుకున్నాను. ఆయన చెప్తూనే ఉన్నాడు. చెయ్యి, మెడ, ముక్కు. పాత నోట్‌బుక్కు తెచ్చి గడప దగ్గర కూర్చుని రాశాను.

ఒక్కో వరుస చెప్పి ఆగుతున్నాడు. ఫోన్‌కు చెప్పినప్పుడు ఇంతసేపు ఆగేవాడు కాదు. పెన్ను చప్పుడు ఆగాకే తర్వాతి వరుస చెప్తున్నాడు. కుండ దగ్గర పెన్ను రాలేదు. విదిలించాను. విదిలించినంతసేపూ ఆగాడు.

జూన్ 21

కరెంటు వచ్చింది. రాసిందంతా ఫోన్‌కు ఎక్కించాను. గ్రాఫ్ వచ్చింది, కుండలో పెన్ను రాని చోట ఒక్క వరుస ఖాళీ. అక్కడ లెక్క లేదు, ఊహించి నింపలేదు, మామగారినే అడగండి అంది.

సాయంత్రం దాకా ఆగి, కుండ నడుమ ఎన్ని పోగులో అని గోడతో అన్నాను. ఏడు అంది గోడ.

జూన్ 25

రమేశ్‌కు గ్రాఫ్ పంపాను. చాలాసేపటికి, ఇది బాపుదే అని మెసేజ్ పెట్టాడు. నెలాఖరు మాట ఎత్తలేదు.

జూన్ 28

మగ్గం మీద నా మొదటి గొల్లభామ అయింది. మామ వేళ్లతో తడిమాడు. నా వైపు తిరిగాడు.

"కుండ వంకరున్నది బిడ్డా. ఇప్పి మళ్ల ఎయ్యి."

ఇప్పాను.