బుధవారం బాక్సు

14 సెప్టెంబరు 2025, ఆదివారం

బుడ్డమ్మా, వచ్చే ఆదివారం పెద్దల అమావాస్య. నువ్వు జ్వరంతో పోయి ఏడాది దాటింది, ఈసారి నీకూ ఆకు వేయాలి. నీకిష్టమైంది వండి అందులో పెట్టమన్నాడు మీ నాయన. అది కూడా అడగాలా? చికెన్ పాస్తానే. రెండేళ్ళు ప్రతి బుధవారం పుంగనూరు నుంచి మదనపల్లె కాలేజీకి అదే కదా నీ బాక్సు. ప్యాకెట్ కొనుక్కొచ్చాను.

17, బుధవారం

చేయి మరిచిపోయిందేమోనని ఈరోజు ఒకసారి చేసి చూశాను. పాస్తా ఉడికాక నీళ్ళు వంపి, అతుక్కోకుండా కాస్త నూనె కలిపాను. చికెన్ ముక్కలు అల్లం వెల్లుల్లితో వేయించి, టమాటాలు మగ్గబెట్టి, చివర చీజు తురిమాను. మొదటిసారి చేసినప్పుడు అడుగంటింది, గుర్తుందా? అప్పుడు కూడా సూపర్ మా అన్నావు.

అదే రోజు, సాయంత్రం

మునీశ్వరి వచ్చింది. హాస్టల్లో ఉండి నీతో చదివిన పిల్ల. ఇప్పుడు కుప్పంలో ఉద్యోగం. నీ స్టీలు బాక్సు తన దగ్గరే ఉండిపోయిందని తెచ్చిచ్చింది. తినమ్మా, మా పాపకి ఇదంటే ప్రాణం అని పాస్తా పెట్టాను. ఒక స్పూను తిని ఏడ్చేసింది. మా, నీకు చెప్పకూడదని ఒట్టేయించుకునింది, దానికి చీజు వాసనే పడదు, బుధవారం బాక్సు నేనే తింటా ఉంటి, నా హాస్టల్ ప్లేటు అది తింటా ఉండె, అనింది.

కాఫీ కూడా ఇవ్వలేదు.

18, గురువారం

రెండేళ్ళు ఎవరి ఎంగిలి బాక్సు కడిగాను నేను?

19, శుక్రవారం

నాలుగున్నరకే లేచేదాన్ని. నాలుగో తరగతి చదువు నాది, ప్యాకెట్ మీద రాత తెలియక ఫోన్లో బొమ్మలు చూసి నేర్చుకున్నాను. బాక్సు ఖాళీగా వస్తే వీధంతా చెప్పుకున్నాను. ఏం మే, సంగటి మానేసి దొరసాని తిండి వండుతాండావా అని ఎదురింటి పాపమ్మ ఎగతాళి చేసినా పొంగిపోయాను. వాసన పడదు మా అని ఒక్క మాట చెబితే కొట్టేదాన్నా? నన్ను పిచ్చిదాన్ని చేసి ఆడించారు ఇద్దరూ.

జ్వరమొచ్చినప్పుడు కూడా ఏం లేదు మా, బాగుండాను అన్నావు. మూడు రోజులు అన్నావు. అదీ నమ్మాను.

20, శనివారం

మునీశ్వరికి ఫోన్ చేశాను. ఆ ప్లేటులో ఏముండేదో చెప్పమన్నాను. అన్నం, నీళ్ళ రసం, అంతే మా అనింది. పప్పు వేయరా అంటే, హాస్టల్లో పప్పు యాడిది మా అని నవ్వింది. నువ్వు రెండుసార్లు పోయించుకుని తాగేదానివంట.

నా చేతి రసం ఎప్పుడూ అడగలేదే.

21, ఆదివారం, అమావాస్య

పప్పు వేయకుండా, నీళ్ళగా రసం కాచాను. నీ ఆకులో అన్నం, ఆ రసం. మీ అవ్వ చూసి, ఏందే ఇది, బోరు నీళ్ళు పట్టకొచ్చి పోస్తివా బిడ్డకి అనింది. దానికిష్టమైంది ఇదే అత్తా అన్నాను.

నీ మీద కోపం పోలేదు.

24, బుధవారం, ఉదయం 6

పాస్తా నీ బాక్సులో పెట్టి కుప్పం బస్సు కండక్టరుకిచ్చాను. మూత మీద చీటీ అతికించాను.

మునీశ్వరీ, బాగలేకపోతే బాగలేదని చెప్పు. బాగుంటే కడుపునిండా తినమ్మా.